జాబితాలో స్థానమా, యజమాని విమానమా

హైదరాబాద్ సంస్థానం చివరి రోజుల్లో రైలు, బస్సు, విమానం మూడింటి వెనకా ఒకే యజమాని ఉండేవాడు. నిజాం స్టేట్ రైల్వే 1932 జూన్‌లో 27 బస్సులతో రోడ్డు రవాణా విభాగం తెరిచింది. ఈనాటి ఆర్టీసీ పుట్టుక అక్కడే. 1945లో అదే రైల్వే టాటాలతో చేతులు కలిపి డెక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించింది. పెట్టుబడిలో పెద్ద వాటా రైల్వేదే. మరుసటి ఏడాది బేగంపేట నుంచి సర్వీసులు మొదలయ్యాయి. యుద్ధం ముగిసి అమెరికా సైన్యానికి అక్కర్లేకుండా పోయిన డకోటా విమానాలను చవగ్గా కొని, లోపల సీట్లు బిగించి, మద్రాసుకూ బెంగళూరుకూ ఢిల్లీకీ తిప్పారు.

డకోటా నడపడం ఒళ్లు వంచి చేసే పని. క్యాబిన్‌లో గాలి ఒత్తిడి నిలిపే ఏర్పాటు లేదు కాబట్టి మేఘాల పైకి ఎక్కిపోయే వీలు ఉండేది కాదు. వానాకాలంలో దక్కన్ పీఠభూమి మీద వాటిని తప్పించుకుంటూనో, వాటి మధ్యనుంచి దూరుకుంటూనో సాగాలి. తోడుగా ఒక కోపైలట్, ఒక రేడియో ఆఫీసర్. ఎడమవైపు సీట్లో కూర్చునే కెప్టెన్ మాటే చివరి మాట. ఆ సీటు ఎవరికి, ఎప్పుడు దక్కుతుంది? విమానం నడపడమే బతుకుతెరువుగా ఎంచుకున్నవాళ్లకు ఆనాడూ ఈనాడూ ఇదే అసలు ప్రశ్న.

ఆ ప్రశ్నను అందరికంటే కటువుగా ఎదుర్కొన్న మనిషి బేగంపేటలోనే పనిచేశారు. ఆమె పేరు ప్రేమ్ మాథుర్. అలహాబాద్ ఫ్లయింగ్ క్లబ్‌లో నేర్చుకుని 1947లో కమర్షియల్ పైలట్ లైసెన్సు సంపాదించారు. ఉద్యోగం కోసం ఎనిమిది విమాన సంస్థల తలుపు తట్టారు. అన్నీ కాదన్నాయి. ఆడమనిషి నడుపుతోందని తెలిస్తే ప్రయాణికులు ఎక్కరన్నది ఆనాటి భయం. చివరికి తలుపు తెరిచింది హైదరాబాద్ సంస్థ. డెక్కన్ ఎయిర్‌వేస్‌లో కోపైలట్‌గా చేరి, దేశంలో విమాన సంస్థకు పనిచేసిన తొలి మహిళా పైలట్ అయ్యారు. ఆమె నడిపిన విమానాల్లో ప్రయాణించినవారిలో ఇందిరా గాంధీ, లాల్ బహదూర్ శాస్త్రి, లేడీ మౌంట్‌బాటెన్ ఉన్నారు. 1949లో జాతీయ ఎయిర్ రేస్ గెలిచారు.

కెప్టెన్ కావడానికి కావలసిన గంటలన్నీ ఆమె లాగ్‌బుక్‌లో పూర్తయ్యాయి. సంస్థ మాత్రం కమాండ్ ఇవ్వలేదు. దేశమంతటితో పోటీపడి గెలిచిన పైలట్‌కు సొంత సంస్థ కుడివైపు సీటు దాటనివ్వలేదు. ఆమె హైదరాబాద్ వదిలి ఢిల్లీ వెళ్లి, పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా సొంత విమానానికి పైలట్‌గా చేరారు. కొంతకాలానికి, 1953లో, ఇండియన్ ఎయిర్‌లైన్స్‌కు మారి చివరిదాకా అక్కడే ఉన్నారు.

విమాన సంస్థ, అక్కడినుంచి ఒక ధనికుడి విమానం, మళ్లీ విమాన సంస్థ. ఈనాడు పాతికేళ్ల యువ పైలట్లు తర్జనభర్జన పడే రెండు దారులనూ ఆమె ఆరేడేళ్లలో నడిచి చూశారు. ఇష్టం కొద్దీ మారారనుకుంటే పొరపాటు. ఒకచోట ద్వారం మూసుకుంది, ఇంకోచోట తెరుచుకుంది. ఈ వృత్తి చరిత్ర పొడుగునా పైలట్లు దారి మార్చింది చాలావరకు ఇలాగే.

నిజానికి మన దేశంలో ముందు పుట్టింది రెండో దారే. విమాన సంస్థలు రాకముందే విమానాలున్న రాజులున్నారు. పటియాలా మహారాజు భూపిందర్ సింగ్ తొలినాళ్లలోనే విమానాలు తెప్పించుకున్నారు. జోధ్‌పూర్ మహారాజు ఉమ్మేద్ సింగ్ 1920లలో విమానాల మైదానం కట్టించి, 1931లో ఫ్లయింగ్ క్లబ్ పెట్టారు. రాజు పిలిచినప్పుడు విమానం సిద్ధం చేయడం, వేటకో పొరుగు సంస్థానానికో తీసుకెళ్లడం, యువరాజుకు నేర్పడం అక్కడి పైలట్ల పని. ఏనుగు మావటికీ కారు డ్రైవరుకూ ఉండే ఆదరమే వాళ్లకూ దక్కేది. ఆ కొలువులోని అనిశ్చితీ అదే. ఉమ్మేద్ సింగ్ కొడుకు హన్వంత్ సింగ్ 1952 జనవరిలో తన చిన్న విమానాన్ని తానే నడుపుతూ కూలి మరణించారు. విమానాలున్న రాజుల కాలం కూడా అప్పటికే ముగింపుకొచ్చింది.

వేళకు నడిచే విమానం మన దగ్గర ఉత్తరాల సంచితో మొదలైంది. దేశంలో తొలి పైలట్ లైసెన్సు పొందిన జె.ఆర్.డి. టాటా 1932 అక్టోబర్ 15న కరాచీ నుంచి పస్ మాత్ విమానంలో తపాలా వేసుకుని అహ్మదాబాద్ మీదుగా బొంబాయి జుహూలో దిగారు. అక్కడినుంచి సంచులను బళ్లారి మీదుగా మద్రాసు చేర్చినవాడు నెవిల్ విన్సెంట్. ఆయన బ్రిటిష్ వైమానిక దళంలో పనిచేసి, ఇండియాకొచ్చి, ఊరూరా జనాన్ని డబ్బులకు విమానమెక్కించి తిప్పిన మనిషి. విమాన సంస్థ పెడదామన్న ప్రతిపాదనను టాటాల దగ్గరకు తెచ్చింది ఆయనే. అంటే మన తొలి విమాన సంస్థ వెనక ఉన్న పైలట్ కూడా ఒకప్పుడు అద్దె విమానంతో పొట్టపోసుకున్నవాడే.

కంపెనీ విమానం నడపడం ఒక వృత్తిగా గట్టిపడింది అమెరికాలో. 1930లో జిమ్మీ డూలిటిల్ అనే పేరుమోసిన సైనిక పైలట్, సైన్యమిచ్చే జీతానికి మూడింతలిస్తామంటే షెల్ చమురు కంపెనీలో చేరారు. పైలట్‌కు కంపెనీ ఎంత వెల కట్టగలదో అందరికీ తెలిసొచ్చింది. యుద్ధం తర్వాత అక్కడి కంపెనీలూ మిగులు డకోటాలనే కొని, లోపల సోఫాలు, బల్లలు వేసుకున్నాయి. అలాంటి విమానాలున్న కంపెనీలు 1946లో ఒక సంఘం పెట్టుకున్నాయి.

విమాన సంస్థల పైలట్లు ఇంకో తోవ పట్టారు. 1931లో డేవిడ్ బెంకీ నాయకత్వంలో అమెరికా ఎయిర్‌లైన్ పైలట్లు యూనియన్ కట్టారు. ఆ తర్వాత ప్రపంచమంతటా పాకిన పద్ధతి సీనియారిటీ. చేరిన తేదీని బట్టి జాబితాలో ఒక సంఖ్య. ఎప్పుడు కెప్టెన్ అవుతారో, ఏ విమానం నడుపుతారో, పండక్కి ఇంట్లో ఉంటారో లేదో ఆ సంఖ్యే తేలుస్తుంది. మేనేజరు దయాదాక్షిణ్యాల నుంచి అది పైలట్‌ను కాపాడింది. మరో సంస్థకు మారితే మాత్రం ఇరవయ్యేళ్ల అనుభవం ఉన్నా అక్కడి జాబితాలో అట్టడుగు నుంచే మొదలు. యజమాని విమానంలో జాబితా అనేదే లేదు. తగినవాడనిపిస్తే మొదటి రోజే ఎడమవైపు సీటు ఇస్తాడు, విసుగొస్తే మరుసటి రోజే తీసేస్తాడు. ప్రేమ్ మాథుర్ లాంటివారికి ఆ రోజుల్లో జాబితా న్యాయం కూడా అందలేదన్నది గుర్తుపెట్టుకోవాలి. అర్హత గంటల్లో లెక్కించేదే అయినా, కమాండ్ ఇచ్చేది మనుషులే.

డకోటాలు అంత చవగ్గా దొరకడంతో 1946 తర్వాత దేశంలో విమాన సంస్థలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఒరిస్సాలో బిజూ పట్నాయక్ కళింగ ఎయిర్‌లైన్స్ పెట్టారు. ఆయన స్వయానా పైలట్. 1947లో డచ్చివాళ్ల కళ్లుగప్పి ఇండోనేషియా నుంచి అక్కడి నాయకుడు షహ్రీర్‌ను విమానంలో తెచ్చిన ధీరుడు. కలకత్తాలో బిర్లాల భారత్ ఎయిర్‌వేస్ ఉండేది. అదే కుటుంబానికి ఇటు విమాన సంస్థా, అటు సొంత విమానమూ ఉండేవన్నమాట. ఉన్న ప్రయాణికులు తక్కువ, తిరిగే విమానాలు ఎక్కువ. నష్టాలు పెరిగాయి. 1950లో రాజాధ్యక్ష కమిటీ లెక్కలు చూసి, సంస్థలను నాలుగుకు కుదించమంది.

డెక్కన్ ఎయిర్‌వేస్‌కు ఆ కాలంలో దక్కిన గొప్ప పని రాత్రి తపాలా. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రి బయల్దేరిన నాలుగు విమానాలు నడిరేయి నాగపూర్‌లో కలుసుకునేవి. సంచులు మార్చుకుని తెల్లారేసరికి ఎవరి ఊరు వాళ్లు చేరేవారు. సాయంత్రం మద్రాసులో డబ్బాలో పడిన ఉత్తరం పొద్దుటికల్లా ఢిల్లీలో ఉండేది. మొదట వేరే సంస్థలు నడిపిన ఈ సర్వీసు 1951లో హైదరాబాద్ సంస్థ చేతికొచ్చింది. వాతావరణ రాడార్ లేని విమానంతో, వెలుతురు అంతంతమాత్రంగా ఉన్న రన్‌వేల మధ్య, వారం తర్వాత వారం ఆ చీకట్లో వేళ తప్పకుండా తిరిగిన పైలట్లకు మన చరిత్ర పుస్తకాల్లో ఒక్క పేరా కూడా దక్కలేదు. దక్కాల్సింది.

1953లో జాతీయీకరణ వచ్చింది. ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం కింద డెక్కన్ సహా ఎనిమిది సంస్థలను కలిపి ఆగస్టు 1న ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఏర్పరిచారు. కొత్త సంస్థకు సంక్రమించిన 99 విమానాల్లో 74 డకోటాలే. విమానాలను కలిపినంత సులువుగా మనుషులను కలపలేరు. ఒక్కో సంస్థ నుంచి వచ్చిన పైలట్లను ఒకే వరుసలో నిలబెట్టాలంటే ఎవరి ముందు ఎవరు అన్నది తేలాలి. సంస్థలు విలీనమైన ప్రతిసారీ, ఏ దేశంలోనైనా, పైలట్ల మధ్య ఎక్కువ కాలం రగిలే తగువు ఇదే.

ఆపైన నాలుగు దశాబ్దాలపాటు మన దేశంలో రెండు దారుల మాటే పెద్దగా లేదు. దేశం లోపల వేళకు నడిచే విమానమంటే ఇండియన్ ఎయిర్‌లైన్స్, విదేశాలకైతే ఎయిర్ ఇండియా. అందులో ఉద్యోగం సర్కారు కొలువు. మధ్యతరగతి ఇంట్లో కలెక్టరు ఉద్యోగం తర్వాత అంతటి మర్యాద. వైకౌంట్లు, కారవెల్లులు, ఆవ్రోలు, బోయింగ్ 737లు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. కొత్త రకం వచ్చినప్పుడల్లా జాబితా పైవాళ్లు అందులోకి, కిందివాళ్లు వాళ్లు ఖాళీ చేసిన సీట్లలోకి. సొంత విమానం దిగుమతి చేసుకోవాలంటే లైసెన్సులు, విదేశీ మారకం, ఢిల్లీలో అనుమతులు. అందుకే జంషెడ్‌పూర్‌లో టాటా స్టీల్‌కు సోనారీ మైదానం ఉన్నట్టు కొన్ని పెద్ద సంస్థలకూ రాష్ట్ర ప్రభుత్వాలకూ తప్ప సొంత విమానం అరుదు. వాటిని నడిపినవాళ్లలో వైమానిక దళం నుంచి రిటైరై వచ్చినవాళ్లు చాలామంది.

ఈ సర్కారు గుత్తాధిపత్యపు గోడ బద్దలైన తీరు చూడాల్సిందే. పార్లమెంటు చట్టం ప్రకారం ప్రైవేటువాళ్లు వేళకు విమానాలు నడపకూడదు. ఎయిర్ టాక్సీలకు మాత్రం ప్రభుత్వం అనుమతిచ్చింది. 1992లో ఈస్ట్ వెస్ట్, 1993 మేలో జెట్ ఎయిర్‌వేస్ బోయింగులు తెచ్చి నడిపింది ఈ టాక్సీ అనుమతి మీదనే. వందమందికి పైగా ఎక్కే జెట్ విమానం చట్టం దృష్టిలో అద్దె బండి! 1994లో పాత చట్టాన్ని రద్దు చేశాకే వాటికి అసలైన ఎయిర్‌లైన్ హోదా వచ్చింది. అంటే మన ప్రైవేటు విమాన సంస్థలు చార్టర్ (అద్దె విమానం) రూపంలో పుట్టాయి.

ఆ మార్పు వేళ ఇండియన్ ఎయిర్‌లైన్స్ పైలట్లు 1992 డిసెంబర్‌లో సమ్మె కట్టారు. సర్వీసులు ఆగకూడదని సంస్థ ఉజ్బెకిస్తాన్ నుంచి విమానాన్నీ సిబ్బందినీ అద్దెకు తెచ్చింది. అలా తెచ్చిన టుపొలేవ్ విమానం 1993 జనవరి 9న హైదరాబాద్ నుంచి ఢిల్లీ చేరి, పొగమంచులో దిగుతూ కూలి తలకిందులైంది. అందులోని 165 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. నలభయ్యేళ్లుగా ఒకే గూటిలో ఉన్న పైలట్లకు ఆపైన గూళ్లు పెరిగాయి. సీనియారిటీ వదులుకుని, పెద్ద జీతానికి ప్రైవేటు సంస్థల్లోకి వెళ్లినవాళ్ల వరుస మొదలైంది.

చార్టర్ నుంచి ఎయిర్‌లైన్‌కు నడిచిన మరో మనిషిని తెలుగువాళ్లు సినిమాగా చూశారు. సైన్యంలో కెప్టెన్‌గా పనిచేసిన జి.ఆర్. గోపీనాథ్ 1990లలో బెంగళూరులో అద్దె హెలికాప్టర్ల సంస్థ పెట్టి, 2003లో చవక టిక్కెట్ల ఎయిర్ డెక్కన్ తెచ్చారు. ‘ఆకాశం నీ హద్దురా’కు మూలం ఆయన జీవితమే. వెంకయ్య నాయుడు తదితరులతో హైదరాబాద్ నుంచి విజయవాడకు బయల్దేరబోయిన ఆరంభ విమానంలో ఇంజన్ దగ్గర మంటలు లేచాయి. ఎవరికీ ఏమీ కాలేదు, సంస్థ నిలదొక్కుకుంది. ఆ తర్వాత ఒక్కసారిగా విమానాలు పెరిగి పైలట్ల కరువొచ్చింది. విదేశీ కెప్టెన్లను తెచ్చుకున్నారు. ఒకరి పైలట్లను ఇంకొకరు ఎగరేసుకుపోవడం ఆపాలని పౌర విమానయాన డైరెక్టరేట్, డీజీసీఏ, 2005లో ఆరు నెలల నోటీసు నిబంధన పెట్టింది.

రెండు దారులను తూచేటప్పుడు జీతం, సెలవు, ఊరు అన్నీ మాట్లాడతారు. వాటన్నిటికంటే బరువైనది ఇంకొకటుంది: ‘ఇవాళ వెళ్లం’ అని ఎవరితో చెప్పాలి? ఎయిర్‌లైన్ కెప్టెన్ వాతావరణం బాగాలేదంటే ఆ మాట వినేది ఆపరేషన్స్ గదిలోని డెస్కు. అక్కడ రాతకోతలుంటాయి, ప్రమాణాలుంటాయి, వెనక యూనియన్ ఉంటుంది. చార్టర్ పైలట్ ఎదురుగా నిలబడి ఉన్నది జీతమిచ్చే యజమాని, లేదా సభకు వేళవుతోందని గడియారం చూసుకుంటున్న నాయకుడు. దిగాల్సింది రాడార్ లేని మైదానంలోనో, ముగ్గు పోసి గుర్తుపెట్టిన హెలిప్యాడ్‌లోనో.

ఈ రకం ప్రయాణాల విషాదం తెలుగు నేలకు బాగా తెలుసు. 2002 మార్చి 3న లోక్‌సభ స్పీకర్ జి.ఎం.సి. బాలయోగి కైకలూరు దగ్గర హెలికాప్టర్ కూలి మరణించారు. 2004 ఏప్రిల్ 17న నటి సౌందర్య కరీంనగర్ ఎన్నికల ప్రచారానికని బెంగళూరులో ఎక్కిన చిన్న సెస్నా, గాల్లోకి లేచిన కాసేపటికే కూలింది. 2009 సెప్టెంబర్ 2న ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి బేగంపేటలో ఎక్కిన బెల్ 430 నల్లమలలో కూలింది. ఆ దర్యాప్తు నివేదికలో ఒక భాగం ప్రతి పైలట్ చదవాల్సింది. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక మీద పైలట్లు దాదాపు ఆరు నిమిషాలపాటు పుస్తకంలో సూచన వెతుకుతూ ఉండిపోయారు. ముందున్న తుఫాను మేఘాల నుంచి ధ్యాస అటు మళ్లింది. మూడు ప్రమాదాలకూ కారణం ఒకటే అనడం అన్యాయం. ఎయిర్‌లైన్‌లో పైలట్ చుట్టూ ఉండే డిస్పాచర్లు, ఆరునెలలకోసారి సిమ్యులేటర్ పరీక్షలు, రూట్ల మీద అలవాటు చిన్న సంస్థల్లో పలచబడతాయన్నది మాత్రం నిజం. వీఐపీలను తీసుకెళ్లే పైలట్లకు కనీస అనుభవం ఎంతుండాలో డీజీసీఏ నిబంధనలు పెట్టింది అందుకే.

అలాగని జాబితాను నమ్ముకున్నవాళ్లంతా చల్లగా లేరు. 2012 అక్టోబర్‌లో కింగ్‌ఫిషర్ లైసెన్సు నిలిచిపోయింది. అప్పటికే అక్కడి సిబ్బంది నెలల తరబడి జీతాల్లేకుండా ఉన్నారు. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ చివరి విమానం బయల్దేరింది. పాతికేళ్లుగా పోగుచేసుకున్న సీనియారిటీ ఒక్క రాత్రిలో చిత్తుకాగితమైంది. కొందరు వేరే సంస్థల్లో మళ్లీ కింది వరుసలో చేరారు, కొందరు గల్ఫ్ వెళ్లారు, కొందరు కంపెనీ విమానాల వైపు తిరిగారు. 2020లో కరోనా వల్ల దేశంలో వేళకు నడిచే ప్రయాణికుల విమానాలు రెండు నెలలు ఆగిపోయాయి. జీతాల కోతలు పడ్డాయి. జనంతో కలవకుండా ప్రయాణించాలనుకున్న డబ్బున్నవాళ్లు ఆ ఏడాదే చార్టర్లు మాట్లాడుకున్నారు.

బేగంపేట మైదానం కూడా దారి మార్చుకుంది. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం తెరిచాక ఎయిర్‌లైన్లన్నీ అక్కడికి తరలిపోయాయి. డెక్కన్ ఎయిర్‌వేస్ డకోటాలు లేచిన రన్‌వే మీద ఇప్పుడు దిగేవి ముఖ్యమంత్రుల, మంత్రుల, పారిశ్రామికవేత్తల విమానాలు, వైమానిక దళం, శిక్షణ విమానాలు, రెండేళ్లకోసారి జరిగే వింగ్స్ ఇండియా ప్రదర్శనకు వచ్చే కొత్త జెట్లు. హైదరాబాద్‌లో ఎయిర్‌లైన్ పైలట్ శంషాబాద్ వెళతాడు, కార్పొరేట్ పైలట్ చాలాసార్లు బేగంపేటకే వస్తాడు.

ఈనాటి లెక్క ఇలా ఉంది. 200 గంటలకు కమర్షియల్ లైసెన్సు వస్తుంది. కెప్టెన్ కావడానికి అవసరమైన ఎయిర్‌లైన్ ట్రాన్స్‌పోర్ట్ పైలట్ లైసెన్సు, ఏటీపీఎల్‌కు 1500 గంటలు కావాలి. ఎయిర్‌లైన్‌లో గంటలు వేగంగా పోగవుతాయి. ఏడాదికి వెయ్యికి మించకూడదన్న పరిమితి పెట్టాల్సి వచ్చిందంటేనే ఆ వేగం తెలుస్తుంది. కంపెనీ విమానంలో ఏడాదికి మూడు నాలుగు వందలు దాటడం కష్టం, కాబట్టి కొత్తవాళ్లు అక్కడ చేరితే ఏటీపీఎల్ ఏళ్లు వెనక్కు జరుగుతుంది. ఇప్పటికే కమాండ్ ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది లేదు. వాళ్లకు నచ్చేది ఊరూరా కొత్త మైదానాలు, ఒకే యజమాని, ఎయిర్‌లైన్‌లా నెలకు డజన్ల కొద్దీ తెల్లవారుజాము డ్యూటీలు లేకపోవడం. నచ్చనిది సెలవు రోజైనా ఫోను దగ్గర పెట్టుకుని కూర్చోవడం. ఇదంతా చూస్తే కొత్తగా లైసెన్సు పొందినవాళ్లు ముందు ఎయిర్‌లైన్‌లో గంటలు సంపాదించి, ఆపైన మారాలనుకుంటే మారడమే మేలు. దారి ఎంపిక చేసుకునే శక్తి ఆ 1500 గంటల తర్వాతే వస్తుంది.

మారదామనుకున్నా వెంటనే కుదరదు. ఎయిర్‌లైన్‌లో ఏ320 నడిపిన కెప్టెన్ ఫాల్కన్, సైటేషన్ లాంటి కంపెనీ జెట్ ఎక్కాలంటే ఆ రకానికి కొత్తగా టైప్ రేటింగ్ తెచ్చుకోవాలి. ఆ ఖర్చు యజమాని భరిస్తే చాలాసార్లు రెండు మూడేళ్ల బాండ్ రాయించుకుంటాడు. పైగా 2017లో డీజీసీఏ నోటీసు గడువును కోపైలట్లకు ఆరు నెలలుగానే ఉంచి, కెప్టెన్లకు ఏడాది చేసింది. పైలట్ల సంఘాలు దానిపై కోర్టుకెళ్లాయి. కొత్త జెట్ కొన్న యజమానికి పైలట్ ఏడాది తర్వాత కాదు, వచ్చే నెలలోనే కావాలి.